దేవదానం అంకుల్ కొట్టేసిన చరణం

మా చిన్నప్పుడు... కెనడాలోని సస్కటూన్‌లో మా అపార్ట్‌మెంట్ కింది వాటాలో ఇనెస్ ఆంటీ ఉండేది. స్పెయిన్ ఆవిడ. సొంతంగా పాటలు కట్టి గిటారు మీద పాడిన మనిషి. అక్కడి నియంత ఆ పాటల్ని నిషేధిస్తే దేశం విడిచి వచ్చిందట.

అప్పటికి మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ఆరే కుటుంబాలు. అమ్మ ఒక పాట రాసింది... క్రిస్మస్‌కు తనే పాడాలని ఎంత ఆశో! సంఘ పెద్ద దేవదానం అంకుల్ కాగితం చూసి, రెండో చరణం కొట్టేశారు.

"'మంచులో నన్నెత్తుకున్న అమ్మవు నీవేనయ్యా'... ఏంటిది సిస్టర్? అమ్మా అంటారు, వెంటనే అయ్యా అంటారు! దేవుణ్ని అలా అనొచ్చా? ఇది తీసేసి పాడండి. లేదంటే అసలు పాడొద్దు."

తల్లి ఆదరించినట్టు మిమ్మల్ని ఆదరిస్తానని ఆ దేవుడే బైబిల్లో అన్నాడు కదా! ఆ వాక్యం అప్పుడు నాకు తెలిసుంటే లేచి చూపించేదాన్ని... తొమ్మిదేళ్లదాన్ని, తెలియదు.

అమ్మ ఏడుస్తూ ఇంటికొచ్చింది. మెట్ల దగ్గర ఇనెస్ ఆంటీ ఏమైందని అడిగితే ఇంగ్లీషులో నేనే చెప్పాను. ఆవిడ పకపకా నవ్వింది.

"మా దేశంలోనూ పాటను ముందు ఆఫీసరుకు చూపించాలి. కొట్టేసిన చోట నేను నోరు మూసుకుని రాగం తీసేదాన్ని. మాటలు జనానికి తెలుసుగా, వాళ్లే పాడేవాళ్లు. హాలు మొత్తాన్నీ జైల్లో పెట్టలేరుగా?"

"ఏమంటోందే ఆవిడ?" అంది అమ్మ. తెలుగులో చెప్పాను. కళ్లు తుడుచుకుంది. "పొయ్యి మీద కూర చూస్తుండు. నేను ఫోన్లు చేసుకోవాలి."

మిగతా ఐదు ఇళ్ల ఆడవాళ్లకీ ఆ చరణం ఫోన్లోనే నేర్పింది!

క్రిస్మస్ రోజు... రెండో చరణం రాగానే అమ్మ పెదాలు బిగించి రాగం తీసింది. ఐదుగురూ లేచి మాటలు అందుకున్నారు. అందరికంటే పెద్ద గొంతు దేవదానం అంకుల్ భార్యదే! ఆయన తల వంచుకుని కూర్చున్నారు.

ఇనెస్ ఆంటీ పోయి చాలా ఏళ్లయింది. నిషేధించిన ఆ పాటల్ని ఇప్పుడు వాళ్ల ఊరి బడిలో పిల్లలకు నేర్పుతున్నారట.

నేను బైబిల్ కాలేజీ గడప తొక్కలేదు. అమ్మ బైబిల్ ముందేసుకుని నా అంతట నేనే తెలుగు చదవడం నేర్చుకున్నాను. ఆడది సంఘంలో నిలబడి వాక్యం చెప్పకూడదని నాకూ అన్నారు... చెబుతూనే ఉన్నాను, ఊపిరున్నంతవరకు చెబుతాను!

ఇప్పుడు నేనుంటున్న బ్రాంప్టన్‌లో మా తెలుగు ఆరాధనకు స్టూడెంట్లే వందమంది వస్తారు. మైకులున్నాయి, స్క్రీన్ ఉంది, ఫోన్ల నిండా పాటలున్నాయి... ఈ పాట ఎవరు కట్టారని మాత్రం ఒక్కరూ అడగరు.

మీ అమ్మ ఎప్పుడైనా పాట కట్టిందా? తెలియకపోతే ఇవాళే ఫోన్ చేసి అడగండి... ఆవిడ పాడింది పాడినట్టు ఇక్కడ రాయండి.