మామిడికాయ బొమ్మ ముందు రెండు ముక్కలు

మొన్న శ్రీ సిటీ నుంచి తిరుపతికి వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న కుర్రవాడు, ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు ఇంకా మెడలో వేలాడుతుండగానే, సెల్‌ఫోన్‌లో పేకాట మొదలుపెట్టాడు. పరాయివాళ్ల ఫోన్‌లోకి తొంగిచూడటం మర్యాద కాదని తెలుసు, కానీ మన వయసు వాళ్లకు మర్యాద కన్నా కుతూహలమే ఎక్కువ కదా, చూశాను. ఆకుపచ్చ బల్ల చుట్టూ ఏవో బొమ్మలున్నాయి, వాటిలో ఒకటి రంగు పోయి బూడిదగా మారింది, అయినా దాని ముందు ముక్కలు పడుతూనే ఉన్నాయి, వాటంతట అవే వెనక్కి పోతూనే ఉన్నాయి. ఈ మనిషి ఏమైనాడు బాబూ అని అడిగితే, ఆ కుర్రవాడు తల ఎత్తకుండానే, “యాడికో పోయినాడు సార్, రాకుంటే మనకే మంచిది” అన్నాడు. ఆటలో అది నిజమే, పాపం అతని తప్పేమీ లేదు. నేను మాత్రం శ్రీకాళహస్తిలోనే దిగిపోయి, స్టాండులో ఒక టీ తాగి, వేరే బస్సు ఎక్కి ఇంటికి చేరాను.

అలాంటి బూడిద బొమ్మ ఒకటి నన్ను ఇన్నేళ్లుగా వదలడం లేదు. ఎందుకో చెప్పాలంటే మా బావ గురించి చెప్పాలి. బావ అంటే మా అక్క భర్త, చిత్తూరు దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో లెక్కలు చూసే గుమాస్తా. ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుందేమో చూద్దామని బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లడం మొదలుపెట్టి, ఉద్యోగానికి బదులు పోకర్ నేర్చుకొని వచ్చాడు. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయిన రోజులవి, మోడెమ్ కీచుమని అరిస్తే తప్ప నెట్ తగిలేది కాదు. మనలాంటి రమ్మీ వాళ్లకు ఆ ఆటను ఒక్క మాటలో చెప్పాలంటే, చేతికి రెండే ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు, మిగతాదంతా గుండె నిబ్బరం.

ఆడేవాళ్లలో ఎక్కువమంది అమెరికా వాళ్లు, వాళ్లకు రాత్రి అయితే మనకు పొద్దున. అందుకని బావ తెల్లవారకముందే లేచి, తలకు స్నానం చేసి, విభూతి పెట్టుకొని, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకొని, ఆఫీసుకు పోయినంత శ్రద్ధగా, ఇంట్లో కొని పెట్టుకున్న కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. అన్నింటికన్నా మంచి పంట ఆదివారం పొద్దున, ఎందుకంటే అది వాళ్ల శనివారం రాత్రి, తాగినవాళ్లు ఆడే వేళ. అలాగని బావ ఎగబడి ఆడేవాడనుకునేరు, ఆయన పని ఎక్కువగా పారేయడమే. ముక్కలు బాగాలేకపోతే రెప్పపాటులో పారేసేవాడు, “ఆడేదానికి కాదప్పా తెలివి కావల్సింది, పారేసేదానికి” అని నాకు చెప్పేవాడు. ఆడదగ్గ ముక్కలు వచ్చినప్పుడు మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకొని, కళ్లు మూసుకొని, నిదానంగా ఊపిరి లెక్కపెట్టుకొని, ఆ తర్వాతే కంప్యూటర్ ఎలుకను ముట్టుకునేవాడు. కోపంలోనో సంబరంలోనో చెయ్యి జారకుండా ఆయన పెట్టుకున్న పద్ధతి అది. ఆట మధ్యలో కుర్చీ దిగేవాడు కాదు, గంటకోసారి అందరికీ ఇచ్చే విరామంలోనే లేచేవాడు. నేనప్పుడు తిరుపతిలో మెడికల్ రెప్‌గా స్కూటర్ మీద డాక్టర్ల చుట్టూ తిరిగేవాణ్ణి, నిజం చెప్పొద్దూ, బావకున్న ఓపికలో సగం నాకుంటే మేనేజర్‌ని అయ్యేవాణ్ణి.

ఇల్లు గడిచిపోయేది. గడవనిది అక్క పరువు. ఇరుగుపొరుగుకు కంప్యూటర్ ఉద్యోగమని చెప్పుకునేది, అది కొన్నాళ్లు చెల్లింది కూడా. ఒక పెళ్లిలో, విస్తళ్ల ముందు కూర్చున్నప్పుడు, దూరపు చుట్టం ఒకావిడ “ఈమేనా పేకాటోడి పెండ్లాం” అని పక్కావిడతో అనడం అక్క చెవిన పడింది. అక్క లడ్డు ముద్ద విస్తట్లోనే వదిలేసి లేచి వచ్చేసింది. ఆట మానేదాకా చిత్తూరులో కాలు పెట్టనని పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. బావేమో ఇది జూదం కాదు, పని అంటాడు, అక్కేమో పని అయితే పదిమందిలో ఎందుకు చెప్పుకోలేం అంటుంది. ఇద్దరి మాటా నాకు నిజమనే తోచేది, నా బతుకంతా ఇంతే. చివరికి ఒక శనివారం బావ ఫోన్ చేశాడు. ఏమనుకున్నారో ఏమో, అక్క కళ్లు తుడుచుకుంటూ వచ్చి, రేపు వెళ్తానని చెప్పింది.

మరుసటి రోజు ఆదివారం, బావకు పెద్ద పోటీ. ఇంట్లో ఉండి ఎవరి ఆటనైనా చూసే వీలుండేది కాబట్టి, క్రికెట్ చూసినట్టు నేను మా కంప్యూటర్‌లో బావ బల్ల తెరిచి పెట్టాను. మా వీధికి అప్పటికే బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది, బావ వీధికి ఇంకా రాలేదు, ఆయనకు ఫోన్ లైనే నెట్, ఆట ఆడినంతసేపూ ఫోన్ ఎంగేజ్. ఆ బల్ల దగ్గర ఒక్కొక్కరిది ఒక్కో బొమ్మ, ఒకరిది కుక్క, ఒకరిది కారు, బావది బంగళూరా మామిడికాయ. మా అమ్మకు ఇంగ్లీషు రాదు గాని మామిడికాయ అంటే అల్లుడని తెలుసు. చాట నిండా అనపకాయలు పోసుకొని, ఒలుచుకుంటూ, అద్దాల్లోంచి చూస్తూ నా వెనక కూర్చుంది. అక్క లోపల సంచి సర్దుకుంటోంది, వంటింట్లో అమ్మ కట్టిచ్చిన పచ్చళ్ల డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి.

బావ దగ్గర పందెం బిళ్లల గుట్ట పెరుగుతూ ఉంది. ఒకసారి ఆయన వంతు వచ్చి, చాలాసేపు కదలిక లేదు. ఊపిరి లెక్క, అనుకున్నాను. ఆహా, గట్టి ముక్కలే పట్టాడని అమ్మతో కూడా అన్నాను, మురిసిపోతూ అన్నాను. గడువు అయిపోయి ఆటే ఆయన ముక్కలను వెనక్కి లాగేసుకుంది. మళ్లీ వంతు వచ్చింది, మళ్లీ అంతే. ఆ తర్వాత మామిడికాయ రంగు పోయి బూడిదైంది.

కరెంటు పోయుంటుందిలే అన్నాను. చిత్తూరులో అది వింత కాదు. అక్క లోపలి నుంచి వచ్చి ఫోన్ కలిపి చూసి, “ఎంగేజ్ వస్తాండాది, ఆడుకుంటానే ఉండాడులే” అని రిసీవర్ పెట్టేసింది. అప్పుడు నాకు తట్టింది. కరెంటు పోతే కంప్యూటర్ ఆగిపోవాలి, కంప్యూటర్ ఆగితే ఫోన్ మోగాలి. ఫోన్ మోగడం లేదంటే అక్కడ కరెంటు ఉంది, నెట్ ఉంది, కంప్యూటర్ నడుస్తూ ఉంది. మనిషే లేడు. ఈ ముక్క అక్కకు ఎలా చెప్పానో గుర్తులేదు గాని, ఆమె మొహం మాత్రం ఇప్పటికీ కళ్లముందు నుంచి పోదు.

చిత్తూరులో బావ పక్కింట్లో గాజుల అంగడి సాయిబు గారుండేవారు. అక్క ఆయన సెల్‌కు ఫోన్ చేసింది. ఆయన గోడ దూకి, పిలిచి పిలిచి, తలుపు గడియ ఊడగొట్టి లోపలికి వెళ్లాడు. కాసేపటికి ఆయనే మళ్లీ ఫోన్ చేశాడు. “అమ్మా, మనిషి కుర్చీలోనే వాలిపోయి ఉండాడు. ఆటోలో ఆస్పత్రికి తీసకపోతాండాం. మీరు బిన్నా రాండి” అన్నాడు. అంతకుమించి అడిగే ధైర్యం మాకు లేకపోయింది. పిల్లవాణ్ణి అమ్మ దగ్గర వదిలి, కారు మాట్లాడుకొని బయలుదేరాము. చంద్రగిరి దాటినప్పటి నుంచి అక్క, నిన్ననే వెళ్లి ఉంటే, అని ఒకే మాట చిత్తూరు వచ్చేదాకా అంటూనే ఉంది.

ఆస్పత్రికి చేరేసరికి బావ మీద దుప్పటి కప్పి ఉంది. పొద్దున్నే, కుర్చీలోనే పోయాడని, పక్కన మనిషి ఉన్నా ఏమీ చేయగలిగేది కాదని డాక్టరు చెప్పాడు. ఆ చివరి మాట అక్క కోసమే చెప్పాడేమో, తెలియదు. అక్క దుప్పటి కింద చెయ్యి పెట్టి బావ చెయ్యి పట్టుకొని, బెంచీ మీద అలాగే కూర్చుండిపోయింది. నేను ఆ పక్కనే నిలబడి, సెల్‌లో అమ్మకు ఫోన్ చేసి, బావ లేడమ్మా అన్నాను.

“ఏం మాట రా అది, నోరు కడుక్కో!” అని అమ్మ నామీద మండిపడింది. “అల్లుడు ఆడతాండాడు. ఇప్పుడే, నా కళ్లముందరే, మామిడికాయకు రెండు ముక్కలు ఏసిరి.”

నేను కంప్యూటర్ ఆపకుండా వచ్చేశానని అప్పుడు గుర్తొచ్చింది. లేచి వెళ్లిన మనిషి బిళ్లలు అయిపోయేదాకా ఆ ఆట అతన్ని పంపేయదు, వంతు వంతుకూ కొన్ని బిళ్లలు తీసుకుంటూ ముక్కలు వేస్తూనే ఉంటుంది. బావ దగ్గరేమో గుట్ట ఉంది. స్విచ్ ఆపెయ్యమ్మా అని బతిమాలాను. అమ్మ ఏడుస్తూ ఆపనంటే ఆపనంది. ఈ గొడవంతా అక్కకు వినబడుతూనే ఉంది. రెండో చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది, జన్మలో ఆ ఆట వంక చూడని మనిషి, నెమ్మదిగా, “ఆపాకు మా. అయిపోయేదాకా చూస్తాండు” అంది.

అమ్మ చూసింది. అనపగింజల చాట ముందు పెట్టుకొని, అన్నం తినకుండా, మనవణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకొని చూసింది. ఇక్కడ అక్క చెయ్యి వదల్లేదు. సాయిబు గారు కాగితాల పనంతా చూసుకొని వచ్చి, ఇంటికి తీసుకుపోదామా అని రెండుసార్లు అడిగినా, ఇంకొంచెంసేపు అనే అంది. బాగా పొద్దు వాలాక అమ్మ ఫోన్ చేసి, “మామిడికాయ పోయినాది రా” అని మాత్రం చెప్పి పెట్టేసింది. అప్పుడు అక్క లేచింది.

కర్మలప్పుడు అయ్యవారు పంచాంగం తెరిచి, ప్రాణం పోయింది ఏ వేళకని అడిగారు. ఏటా తిథి పెట్టాలంటే అది తెలియాలి, పైగా ఆ రోజు మధ్యాహ్నం దాకా పంచమి, తర్వాత షష్ఠి. డాక్టరు చెప్పిన ప్రకారం పంచమి. నేను నోరు తెరిచేలోపే అక్క, పొద్దు వాలినాక సామీ, అంది. అయ్యవారు షష్ఠి అని ఖాయం చేశారు. అమ్మ తల ఊపింది. నేనూ కాగితం మీద షష్ఠి అనే రాసుకున్నాను.

ఇప్పుడు ఫోన్‌లు ఎంగేజ్ రావు. ఎవరు ఎప్పుడు నెట్‌లో ఉన్నారో, ఎప్పుడు వెళ్లిపోయారో నిమిషంతో సహా ఫోనే చెప్పేస్తుంది. నా ఫోన్‌లో కూడా, పోయిన స్నేహితుల పేర్లు పక్కన చివరి వేళతో సహా అలాగే ఉన్నాయి, తీసేయడానికి చెయ్యి రాదు. ఆ రోజుల్లో అంత కచ్చితం ఉండేది కాదు, అందుకే కొంచెం సందు దొరికేది. అమ్మ వెళ్లిపోయి చాలాకాలమైంది. మేనల్లుడు మాత్రం ప్రతి ఏటా షష్ఠి నాడే తిథి పెడతాడు, ఎందుకు షష్ఠో వాడికి తెలియదు. అక్క స్నానం చేసి, తడి జుట్టుతో, పక్కన కూర్చుంటుంది. ఆ లెక్క ప్రకారం, బావ పోయేటప్పటికి అక్క ఆయన చెయ్యి పట్టుకొని ఉంది.