ఒకే తీగ మీద రెండు చొక్కాలు

పోలీసులు ఆవిడకు పెట్టుకున్న పేరు 'కానీ మేడమ్'. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆవిడ పనిచేసే లాబొరేటరీలో కూడా తక్కువే. ఏది అడిగినా ముందు "అవును" అంటుంది. అవతలివాడు హమ్మయ్య అనుకునేలోపే "కానీ" అంటుంది. రక్తం అతనిదేనా మేడమ్? అవును, కానీ. విషం వల్లే పోయాడా మేడమ్? అవును, కానీ. నేనేమో ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు వాదించే లాయరమ్మని. ఆ 'కానీ'తో నేను పడ్డ పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు.

మనిషి ఒక్క చోట కుదురుగా కూర్చోదు. గ్యాస్ కట్టేశానా అని వీధి మలుపు దాకా వచ్చి కూడా వెనక్కి వెళ్తుంది. లాబొరేటరీలో నమూనాలున్న ఫ్రిజ్ తలుపు లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చి లాగుతుంది. వాళ్ళాయన లెక్కల మాస్టారు, సరదా మనిషి. "పాలు విరిగాయా అని అడిగితే మా ఆవిడ రిపోర్టు రేపిస్తానంటుందండీ. అందుకే టీ నేనే పెట్టుకుంటా" అన్నాడు ఒకసారి నాతో. ఆవిడా నవ్వింది. నవ్వుతూనే చేతిలో రుమాలు మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

ఆవిడా, నేనూ, మా ఇన్‌స్పెక్టరూ ఏళ్ళ తరబడి కలిసి పనిచేశాం. నేరం జరిగిన చోట దొరికినవన్నీ అతను ఏరుకొస్తాడు, అవేమిటో ఆవిడ తేలుస్తుంది, తేల్చినదాన్ని పట్టుకుని నేను కోర్టులో నోరు చేసుకుంటాను. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. పనిలో మాత్రం ఒకరి మీద ఒకరం విసుక్కోని వారం లేదు.

పోలీసులకు అప్పుడప్పుడూ ఆవిడ పాఠం చెప్పేది. ఒకసారి నేనూ వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. ఫ్యాన్ల కింద సగం మంది ఆవలిస్తున్నారు. ఆవిడ బల్లకు ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ ఒకటే పాట. "తడి బట్టను ప్లాస్టిక్ కవర్లో పెట్టారంటే బూజు పడుతుంది. బూజు పట్టిందంటే ఇక నా దగ్గరకు తేవడం కూడా దండగే. నీడలో ఆరబెట్టండి. బాగా ఆరాకే కాగితం కవర్లో పెట్టండి. దేని కవరు దానికే." అందరిలోకీ శ్రద్ధగా తల ఊపుతూ విన్నది మా ఇన్‌స్పెక్టరే. రిటైర్ కావలసిన వయసులో బడిపిల్లాడిలా ముందు వరసలో కూర్చున్నాడు.

ఆ తర్వాతే వచ్చింది వెల్డింగ్ షాపు కేసు.

షాపు యజమానిని ఎవరో ఇనుప కడ్డీతో తల మీద కొట్టి చంపారు. అదే షాపులో పనిచేసే బావమరిదికీ అతనికీ ఆ పొద్దున పెద్ద గొడవ జరిగింది, వీధి వీధంతా విన్నది. సాయంత్రం జోరున వాన. ఆ వానలో తడిసి ముద్దయి ఇంటికొస్తున్న బావమరిదిని పట్టుకుని చొక్కా విప్పించారు. ఆ చొక్కా ఎడమ చేతి మీద రక్తపు మరక ఉందనీ, అది చనిపోయినతని రక్తమేననీ లాబొరేటరీ చెప్పింది. కొట్టడం చూసినవాళ్ళు లేరు. కేసంతా ఆ మరక మీదే నిలబడి ఉంది.

చనిపోయినతని భార్యకు నిందితుడు సొంత తమ్ముడు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది వాణ్ణి. మొదట్లో పోలీస్ స్టేషన్ గుమ్మంలో కూర్చుని "నా తమ్ముడు చీమకు కూడా హాని చేయడు" అని గుండెలు బాదుకుంది. రిపోర్టు వచ్చిన రోజున ఇన్‌స్పెక్టర్ పిలిచి, "రక్తం అబద్ధం చెప్పదమ్మా" అన్నాడు. అంతే, ఆమె ఏడుపు ఆగిపోయింది. జైలుకు వెళ్ళి తమ్ముణ్ణి చూడటం మానేసింది. గొడవ గురించి సాక్ష్యం చెప్పడానికి తనంతట తనే ఒప్పుకుంది.

కోర్టులో కానీ మేడమ్ సాక్ష్యం ఉన్న రోజు పొద్దున నా గదిలో ముగ్గురం కలిశాం. ఏ వస్తువు ఎప్పుడు చూపించాలో చూసుకోవడానికి చనిపోయినతనిదీ, బావమరిదిదీ రెండు చొక్కాలూ కవర్లలోంచి తీయించి, బల్ల మీద శుభ్రమైన కాగితాలు వేసి పక్కపక్కన పరిపించాను. లాబొరేటరీలో ఆవిడ వాటిని విడివిడిగానే చూసింది. రెంటినీ ఒక్కచోట చూడటం అదే మొదలు.

చేతికి గ్లవ్స్ తొడుక్కుని ఆవిడ వంగి చూసింది. లేచి బల్ల చుట్టూ తిరిగి అవతలి నుంచి చూసింది. మళ్ళీ ఇవతలికి వచ్చింది. కాలు కాలిన పిల్లిలా ఆ తిరగడం చూస్తుంటే నాకు లోపల ఏదో గుబులు మొదలైంది.

"ఏమిటి తల్లీ? కూర్చో. కోర్టుకు టైమవుతోంది" అన్నాను.

ఆవిడ అతని వైపు తిరిగింది. "ఇన్‌స్పెక్టర్ గారూ, ఇవి తడిగా దొరికాయి కదా. ఎక్కడ ఆరబెట్టారు?" అంది.

పాపం, అతని మొహం వెలిగిపోయింది. "మీరు చెప్పినట్టే మేడమ్. ఎండ తగలనివ్వలేదు. స్టేషన్ వెనక గదిలో తీగ కట్టించి, ఫ్యాన్ వేసి, తలుపుకు తాళం పెట్టి తాళంచెవి నా జేబులోనే ఉంచుకున్నా. ఎవరి చేతికీ ఇవ్వలేదు."

"రెండు చొక్కాలూనా?"

"రెండూను. ఆరాక దేని కవరు దానికే. మీ మాట జవదాటలేదు."

"ఒకే తీగ మీదా?"

"ఆ గదిలో ఇంకో తీగ ఎక్కడుంది మేడమ్?" అన్నాడు. అన్నాక ఆవిడ మొహం చూశాడు. అప్పుడర్థమైంది అతనికి. కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపి తడుముకున్నాడు.

ఆవిడ వేలు తగలకుండా చూపించింది. చనిపోయినతని చొక్కా కుడి చేతి మీద పెద్ద మరక. బావమరిది చొక్కా ఎడమ చేతి మీద దాదాపు అదే ఆకారంలో పలచటి మరక, అంచులు చెదిరి ఉంది. పక్కపక్కన ఆరేస్తే ఆ రెండు చేతులే ఒకదానికొకటి తగులుతాయి. ఒకటి రక్తంతో తడిసింది, ఇంకోటి వానతో తడిసింది. ఫ్యాన్ గాలి ఉండనే ఉంది.

"అయితే వాడు చంపలేదంటావా?" అని అరిచాను.

"అలా అనలేను. కొట్టినప్పుడు పడ్డ రక్తం వానకు పలచబడినా ఇలాగే కనిపిస్తుంది."

"మరేం చెప్పగలవు నువ్వు?"

"ఏదీ చెప్పలేను. ఇదివరకు నన్ను ఎవరి రక్తమని అడిగారు, చెప్పాను. ఎలా అంటిందని ఎవరూ అడగలేదు. నేనైనా అడగాల్సింది."

నేను ఒంటికాలి మీద లేచాను. ఏం మాట్లాడానో అంతా రాస్తే బాగుండదు. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పి దిగిపొమ్మన్నాను. నిందితుడి తరఫు లాయరు సగం నిద్రలో ఉంటాడనీ, ఈ ప్రశ్న వాడికి జన్మలో తట్టదనీ అన్నాను. "నీకు నిద్ర పట్టకపోతే మాత్ర వేసుకో, నా కొంప ముంచకు" అన్నాను.

ఆవిడ తిరగడం ఆపింది. "తగలకుండా దూరదూరంగా ఆరేయమని నేను పాఠంలో చెప్పలేదండీ. కవర్లు వేరుగా ఉండాలన్నాను గానీ ఆరేయడం గురించి చెప్పలేదు. ఈయన నేను చెప్పింది చెప్పినట్టు చేశారు. మీరడక్కపోయినా నేను చెబుతాను."

ఇన్‌స్పెక్టర్ తల దించుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు. "ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత జాగ్రత్తగా ఏ కేసూ చేయలేదు" అన్నాడు, ఎవరితోనో తెలియదు.

విసురుగా తలుపు తీసుకుని బయటకు వచ్చాను. వరండాలో బెంచీ మీద ఆ అక్క కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"అమ్మా, ఇవాళతో రక్తం సంగతి అయిపోతుందా?" అంది. "ఆ రక్తమే లేకపోతే నేను దేవుడొచ్చి చెప్పినా నమ్మేదాన్ని కాదమ్మా. గుండె రాయి చేసుకున్నాను."

నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు. ఎవరి మీదో తేల్చుకునే లోపే పిలుపు వచ్చింది.

బోనులో కానీ మేడమ్ రుమాలు నలుపుతూ నిలబడింది. మరక ఎవరి రక్తమో అడిగాను, చెప్పింది. ఆ ప్రశ్నతో నేను కూర్చోవచ్చు. కూర్చోబోయాను కూడా. వెనక వరసలో అక్క, బోను పక్కన తమ్ముడు, ఇద్దరూ ఎదురెదురుగా ఉండి ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఛీ, ఈ పని మానేసి ఏ కూరగాయలో అమ్ముకున్నా బాగుండేది అనుకుంటూ మళ్ళీ లేచాను.

"ఆ మరక చొక్కా మీదకు ఎలా వచ్చిందో మీరు చెప్పగలరా?" అని నేనే అడిగాను.

నిద్రలాయరు ఉలిక్కిపడి తలెత్తాడు. ఆవిడ రెండు దారులూ చెప్పింది. రెంటిలో ఏదని జడ్జిగారు అడిగారు. చెప్పలేనంది. తర్వాత ఇన్‌స్పెక్టర్ ఎక్కాడు. విడివిడిగా ఆరేశానని ఒక్క ముక్క అంటే చాలు, కాదనేవాడు లేడు. అంటాడేమోనని భయపడ్డానో, అంటే బాగుండునని ఆశపడ్డానో ఇప్పటికీ నాకు తెలియదు. "ఒకే తీగ మీద నా చేత్తోనే ఆరేశానండి" అన్నాడు. మళ్ళీ గట్టిగా చెప్పమన్నారు జడ్జిగారు. మళ్ళీ చెప్పాడు.

నేరం రుజువు కాలేదని తీర్పు వచ్చింది. ఆ రోజున రానక్కర్లేకపోయినా కానీ మేడమ్ వచ్చింది. వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే అక్క వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"మేడమ్ గారూ, నా తమ్ముడు చంపాడా, లేదా?"

"నాకు తెలియదమ్మా."

"మీకు చదువుంది, మిషన్లున్నాయి. మీకే తెలియకపోతే నాకెట్లా తెలుస్తుంది?"

"ఆ చొక్కాతో ఇక ఎవరికీ తెలియదమ్మా. మా వల్లే అలా అయింది. నన్ను క్షమించు."

"క్షమిస్తాను, దానికేం. మీరింటికి పోతారు. వాడు నా ఇంటికొస్తాడు. వాడికి ఇంకెవరున్నారు?" ఆమె గొంతు పెరిగింది, వరండాలో జనం తిరిగి చూశారు. "వాడికి నేను అన్నం పెట్టాలా, వద్దా? అది చెప్పండి చాలు."

కానీ మేడమ్ చేతిలో రుమాలు మడత విప్పింది. నావైపు చూసింది. నేను చేతిలో ఫైలు వైపు చూశాను.

అంతలో కాగితాల పని ముగించుకుని తమ్ముడు బయటకొచ్చాడు. చిక్కిపోయి, చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. అక్కకు నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. దగ్గరకు రావాలో వద్దో తెలియనట్టు నిలబడ్డాడు. ఆమె అతని మొహం చూడలేదు. అతని వెనక గోడను చూస్తూ అడిగింది.

"తిన్నావా?"

"లేదక్కా."

"పద."

ఆమె ముందు, అతను వెనక, మెట్లు దిగారు. గేటు దాటే దాకా మధ్య ఆ నాలుగడుగుల దూరం అలాగే ఉంది. కానీ మేడమ్ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"లాయర్ గారూ, వాడే చేసి ఉంటేనో?"

గేటు బయట జనంలో వాళ్ళిద్దరూ కలిసిపోయారు. ఆవిడ నా చెయ్యి వదల్లేదు, నేనూ విడిపించుకోలేదు.