సగం చెంబు నీళ్ళు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా కోడలు. ఇక్కడ సౌదీ రేవు రాస్ తనూరాలో, పొద్దువాలే వేళ అసర్ నమాజు ముగించి జానమాజు చాప మడత పెడుతుంటే, ఫోను చేత పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. కడప పిల్ల, నవ్వకుండా నవ్విస్తుంది. "అత్తా, మీ విశాఖపట్నం సముద్రంలో పాతకాలంలో ఒక ఓడ మునిగిందంట, దాన్ని వెతకతాండారంట. బంగారం దొరికితే మనకూ ఒక గాజు ఇస్తారేమో అడుగు" అంది. నేనూ నవ్వాను గానీ, ఆ సాయంత్రమంతా నా మనసు మా నాన్నమ్మ గుమ్మంలోనే కూర్చుంది.

నేను బడికి పోయినదాన్ని కాదు. తెలుగక్షరాలూ ఖురానూ రెండూ నాన్నమ్మ పక్కన చాపమీద కూర్చుని నేర్చుకున్నవే, ఆ రెంటికీ అల్లాకు ఎంత షుక్రు చెప్పినా నాకు తీరదు. మా ఇంట్లో మగవాళ్ళు తరతరాలుగా ఓడలమీద పనిచేసినవాళ్ళు. వాళ్ళు పనికి బయలుదేరేటప్పుడు ఇంటావిడ చెంబుతో నీళ్ళిచ్చేది. సగం తాగి సగం వదిలి వెళ్ళాలి. ఆ మిగిలిన సగం మీద మూతపెట్టి, మనిషి తిరిగొచ్చేదాకా గూట్లో ఉంచేవాళ్ళు. వచ్చినవాడు ముందు ఆ నీళ్ళు తాగి, తరవాతే చెప్పులు విడిచేవాడు. ఎందుకని అడిగితే నాన్నమ్మ ఓడల యుద్ధం కథ చెప్పేది. ఆమెకు వాళ్ళ నాన్నమ్మ చెప్పిందట, ఆవిడకు ఇంకెవరో.

ఇంగ్లీషువాళ్ళకూ ఫ్రెంచివాళ్ళకూ పడని రోజులవి. ఆ పగ ఎక్కడో దూరదేశాలది, మా రేవులో దాని సంగతి ఎవరికీ పట్టలేదు. మా వంశపు మూలపుటమ్మ పెనిమిటి సరుకుల ఓడమీద కళాసీ. ఆ ఉదయం ఆవిడ చేతి చెంబులో సగం తాగి, ఒళ్ళో పిల్లవాడి తల నిమిరి, పడవెక్కి ఓడకు పోయాడు. పొద్దెక్కాక ఫ్రెంచివాళ్ళ ఓడలు మూడు వచ్చి ఫిరంగులు పేల్చాయి. పొయ్యిమీద గంజి పొయ్యిమీదే వదిలి జనం దర్గా కొండెక్కారట, గుండ్ల దెబ్బకు ఇసుక లేచి ఇళ్ళ కప్పులమీద వానలా రాలిందట. సరుకుల ఓడలు రెండుండగా ఒకటి ఒడ్డుకెక్కి కెరటాల్లో పగిలి మునిగిపోయింది. రెండోదాన్ని, అందులో ఉన్నవాళ్ళతో సహా, ఫ్రెంచివాళ్ళు పట్టుకుపోయారు. మా మూలపుటమ్మ మనిషి ఉన్నది ఆ రెండోదానిలో.

కొంతకాలం పోయాక పెద్దలు వచ్చి కూర్చున్నారట. అతను పోయినట్టే అనుకో, మొగుడు పోయినవాళ్ళు పాటించే ఇద్దత్ గడువు కూర్చో, అది తీరాక ఇంకొకరిని నిఖా చేసుకో, పిల్లవాడికి నీడ దొరుకుతుందన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఈ చోటుకు వచ్చేసరికి నాన్నమ్మ తన పని ఆపి సముద్రం వైపు తిరిగి చెప్పేది. "ఓడ ములిగిపోతే ఏడిసి ఊరుకుందును. కళ్ళెదటే తెరసాప ఎత్తుకుని ఎల్లిపోనాది గదా, బతికున్నోడికి ఎలా ఏడవమంతారు? అనీసిందట."

ఆవిడ రోజూ తెల్లారి గూట్లో నీళ్ళు మార్చి, మళ్ళీ అంతమట్టుకే, సగానికే పోసి మూతపెట్టేది. అతను రాలేదు. కొడుకు పెద్దవాడై, చివరిరోజున తల్లి నోట్లో పోయడానికి ఇంకే నీళ్ళూ తేలేదట, గూట్లోని ఆ సగమే తెచ్చి పోశాడట.

పెళ్ళయి రాస్ తనూరా వచ్చాక నేనూ ఆ పద్ధతి వదల్లేదు. మావారు రేవులో పెద్ద ఓడలను లాగే టగ్గుమీద పనిచేసేవారు. మా ఊరివారే అయినా మొదట్లో నన్ను ఏడిపించేవారు, చెంబు కడగడానికి బద్ధకమై ఈ కథ కల్పించానని. కానీ వెక్కిరిస్తూనే సగం వదిలేవారు. యుద్ధాలొచ్చి ఈ సముద్రంలో ఓడలకు భయమున్న రోజులూ చూశాం మేము. అలాంటి రాత్రులు గూట్లో చెంబుకేసి చూస్తూ దుఆ చేసుకునేదాన్ని, మూత తీసేవాడు క్షేమంగా గుమ్మం తొక్కాలని. ప్రతిసారీ వచ్చారు. చివరికి లోకం విడిచి వెళ్ళిపోయింది ఇంట్లోంచే, నా చేతుల్లోనే. ఆ పొద్దు నేనిచ్చిన మక్కా జమ్‌జమ్ నీళ్ళు చుక్క మిగల్చకుండా తాగి మరీ వెళ్ళారు. అల్‌హమ్‌దులిల్లాహ్, నాకు సగం దాచుకునే గతి పట్టలేదు.

ఇప్పుడు మా అబ్బాయిదీ రేవులోనే పని. వాడున్న ఓడ ఎక్కడుందో కోడలు ఫోనులో పటం మీద చూపిస్తుంది, మంచిదే, గుండెదడ తగ్గింది. నీళ్ళసీసా మాత్రం వాడు వెంట పట్టుకుపోతాడు. సగం వాడితోనే పోతుంది, ఇంట్లో ఏమీ మిగలదు. గూడు ఖాళీగా ఉంటే నాకే తోచక, మూత వేసిన చెంబు ఒకటి అక్కడ పెట్టుకున్నాను.

విశాఖపట్నంలో వెతికేవాళ్ళకు దొరికితే మునిగిన ఓడ దొరుకుతుంది. మావాళ్ళు ఎదురుచూసింది మునిగిన ఓడ కోసం కాదు, వెళ్ళిపోయినదాని కోసం. అది ఏ నీళ్ళ అడుగునా ఉండదు.

ఆ మూలపుటమ్మ పేరు నాన్నమ్మకూ తెలియదు. నా ఈడువారైనా, ఇది చదివే ఎవరైనా, మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరైనా తొందరలో సగం నీళ్ళు వదిలి గడప దాటితే, పారబోసే ముందు ఆవిడను ఒక్కసారి తలుచుకోండి.