మంచినీళ్ళకు అనుమతి

కొన్ని ప్రశ్నలు సామ్రాజ్యాలను కదిలించాయని చరిత్రకారులు చెబుతారు. మా వీధి చివరి ఇంట్లో ఒక ప్రశ్న పదకొండు నెలలపాటు ఫ్రిజ్ తలుపును కదలనివ్వలేదు.

"మంచినీళ్ళు తాగొచ్చా?"

అడిగేది పదిహేడేళ్ళ పిల్ల. ఊహ తెలిసినప్పటి నుంచి అనాథాశ్రమాల్లోనే పెరిగింది. అక్కడ గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి, తక్కినవన్నీ అడిగి చెయ్యాలి. ఆమెను ఇంటికి తెచ్చుకున్నావిడ రిటైరైన బస్సు కండక్టరు; ఇంటికొచ్చిన పిల్లలంతా పెద్దమ్మ అంటారు. ఇలాంటి పిల్లల్ని పద్దెనిమిది నిండేదాకా ఇంట్లో ఉంచుకుని, సొంత కాళ్ళమీద నిలబెట్టి పంపడం ఆవిడ రెండో ఉద్యోగం. ఈ పిల్ల ఆరోది.

ఇంకా మూడు వారాలే గడువు. ఆ తర్వాత ఆ గదిలోకి మరో పిల్ల వస్తుంది. ఈ పిల్లకు ఉద్యోగం ఉంటేనే హాస్టల్లో మంచం ఇస్తారు. అందుకని పెద్దమ్మ లాండ్రీలో పనికి కుదిర్చింది. రెండో రోజే లాండ్రీ యజమాని ఒక తెల్ల చొక్కా పట్టుకుని ఇంటికొచ్చాడు. దాని వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారం రాజముద్రలా అచ్చుపడి ఉంది.

"కాలుతోందని చూసిందండీ. చూసి, పెట్టె దానిమీదే వదిలేసి, ముందుగదిలోకొచ్చి నన్నడిగింది, 'తియ్యొచ్చాండీ?' అని!"

"మీరేమన్నారు?"

"ఫోన్లో ఉన్నా. ఆగమన్నా."

"ఆగింది కదా మరి!"

యజమాని చొక్కా మడత పెట్టాడు. "రేపొక్కరోజు చూస్తానమ్మా. ఇంకోటి కాలిందా, ఇక నావల్ల కాదు."

ఆ సాయంత్రం పెద్దమ్మ తన పాత ఖాకీ చొక్కాలు బయటికి తీసి, ఇస్త్రీపెట్టె పిల్ల చేతికిచ్చింది. ముప్ఫయ్యేళ్ళు తన విజిల్ లేనిదే బస్సును కదలనివ్వని మనిషి మౌనవ్రతం పట్టింది.

"కాలర్ ముందు చెయ్యనా పెద్దమ్మా?"

జవాబు లేదు.

"నీళ్ళు చల్లొచ్చా?"

లేదు.

"బాగా వేడెక్కింది, తియ్యొచ్చా?"

పెద్దమ్మ గోడమీది క్యాలెండరును పరీక్షకు చదువుతున్నట్టు చదువుతోంది. కమురు వాసన మొదలైంది.

"అయ్యో, కాలిపోతోంది! నోరు పడిపోయిందా ఏంటి నీకు?" పిల్ల చటుక్కున పెట్టె ఎత్తి నిలబెట్టింది.

"ఇప్పుడెవర్నడిగి తీశావే?"

పిల్ల తన చేతికేసి చూసుకుంది. "ఎవర్నీ అడగలేదు."

"ఆకాశం ఊడిపడిందా?"

"లేదు."

"రేపు లాండ్రీలో నీ పక్కన నేనుండను. రెండోది తియ్. ఇంకా నాలుగున్నాయి."

మర్నాడు సాయంత్రం యజమాని ఫోన్ చేశాడు. "ఒక్కటంటే ఒక్కటి అడగలేదమ్మా. బల్లమీద చోటు చాల్లేదని నా టిఫిన్ డబ్బా కూడా కింద పెట్టేసింది. సోమవారం నుంచి రమ్మన్నా." అది ఫిర్యాదో పొగడ్తో తేల్చకుండానే పెట్టేశాడు.

పెద్దమ్మ దండయాత్ర ముగించిన సేనానికి స్వాగతం పలికేందుకు గడపలో నిలబడింది. సేనాని చెప్పులు విడిచి, నేరుగా వంటింట్లోకి వెళ్ళి, ఎవర్నీ అడక్కుండా ఫ్రిజ్ తలుపు తీసి, సీసా ఎత్తి గటగటా తాగింది.

ఖాళీ సీసాను నింపకుండా అలాగే లోపల పెట్టేసింది.