మా ల్యాబ్ మేడం చదివిన ఒక్క ఉత్తరం

మా ల్యాబ్ మేడం పోయారు. సోమవారం పొద్దున పచ్చడికి టమాటాలు కోస్తుంటే, కాలేజీలో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. గుండెపోటట. నిద్రలోనే పోయారట, బాధ పడలేదట. ఇలాంటప్పుడు ఎవరైనా చెప్పే మాటలే అవి. ఫోన్ పెట్టేసి మిగతా టమాటాలు కూడా కోశాను. మూకుడు పొయ్యి మీద పెట్టాక ఏడుపు ముంచుకొచ్చింది. ఆవిడతో చెప్పాల్సిన మాట ఒకటి ఇన్నేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. ఆవిడకి చెప్పలేకపోయాను, మీకు చెబుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్ళయిన నాటి సంగతి. గుంటూరులో మాది ఆడపిల్లల డిగ్రీ కాలేజీ. ల్యాబులో పన్నెండు కంప్యూటర్లుంటే తొమ్మిది పనిచేసేవి. అవి కూడా ఎవరో ఆఫీసువాళ్ళు వద్దనుకుని ఇచ్చినవి. ఫోన్ లైన్ మీద వచ్చే ఇంటర్నెట్‌కి బొమ్మలున్న పేజీ ఒకటి తెరుచుకునేలోగా పీరియడ్ అయిపోయేది. అందుకని మేడం వాటిలో విండోస్ బదులు లినక్స్ ఎక్కించి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతోనే పని నేర్పారు. మౌస్‌లన్నీ అట్టపెట్టెలో పెట్టి బీరువా మీదకి ఎక్కించేశారు. "వేళ్ళున్నాయిగా తల్లీ, ఎలుకలెందుకు?" అనేవారు.

మిర్చి సీజన్‌లో ఆవిడకి అదనంగా ఒక పని ఉండేది. మాలో సగం మంది పొద్దున్నే ఇంట్లో మిరపకాయలకి తొడిమలు తీసి, ఆ చేతుల్తోనే బస్సెక్కి వచ్చేవాళ్ళం. ఆ కీబోర్డు మీద పనిచేసిన తర్వాతి పిల్ల కన్ను నలుపుకుందంటే ఇక కేకలే. మేడం ప్రతి బ్యాచ్ అయ్యాక కొబ్బరినూనె గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి మీటలన్నీ తుడిచేవారు. తుడుస్తున్నంతసేపూ తుమ్ముతూనే ఉండేవారు. బుర్ఖా మేకుకి తగిలించి, చీర కొంగు నడుముకి దోపుకుని, తొమ్మిది కీబోర్డులూ తుమ్ముకుంటూ తుడిచే మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఒకరోజు ఈమెయిల్ పాఠం చెబుతూ, మీలో ఎవరెవరికి సొంత మెయిల్ ఉందని అడిగారు. పది మందిమి చేతులెత్తాం. పాస్‌వర్డ్ మీ ఒక్కరికే తెలిసినవాళ్ళు చెయ్యి ఎత్తి ఉంచండి అన్నారు. అన్ని చేతులూ దిగిపోయాయి. మా అకౌంట్లన్నీ నెట్ సెంటర్లో అన్నయ్యలో, బాబాయి కొడుకులో తెరిచినవే. నా పాస్‌వర్డ్ మా అన్నయ్య బండి నంబరు. మేడం పాఠం పూర్తి చేసి వెళ్ళిపోయారు.

మరుసటి వారానికి "చిట్టి" తయారైంది. అదొక షెల్ స్క్రిప్టు. అంటే, కంప్యూటర్ ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిన పనులు వరసగా రాసిన కాగితం లాంటిది. chitti అని కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. తాత్కాలికంగా మెయిల్ అడ్రసులిచ్చే ఒక సైటుకి అదే వెళ్ళి, ఎవరి పేరూ లేని ఒక అడ్రసు పట్టుకొచ్చి తెర మీద చూపించేది. ఆ అడ్రసుకి ఏమైనా వచ్చిందేమోనని నిమిషానికోసారి చూసి, వస్తే ఆ ఉత్తరాన్ని తెర మీద పరిచేది. రాత్రికి ఆ సైటువాళ్ళు అడ్రసునీ ఉత్తరాన్నీ కలిపి తుడిచేసేవాళ్ళు. ఉత్తరాన్ని దాచుకునే ఆజ్ఞ మాత్రం మేడం కావాలనే అందులో రాయలేదు. "చదువుకో, గుర్తుపెట్టుకో, వదిలెయ్" అనేవారు.

డాక్టర్లు జవాబులిచ్చే సైటొకటి ఉండేది. అక్కడ ప్రశ్న అడగాలంటే మెయిల్ అడ్రసు ఇవ్వాలి. మా పిల్లలు చిట్టితో అడ్రసు తీసుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో నెలసరి గురించీ, తెల్లబట్ట గురించీ, పెళ్ళి కుదిరిన పిల్లలైతే ఇంకా చాలా వాటి గురించీ అడిగేవాళ్ళు. ఎవరైనా జవాబు చదువుతుంటే మేడం లేచి వెళ్ళి కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడేవారు. చదవడం అయిందని మేము చెప్పేదాకా ఇటు తిరిగేవారు కాదు. "నేను చూడను. చూశానని తెలిసిన రోజు మీరెవరూ అడగరు" అని ఒకసారి అన్నారు.

ఆ ఏడు మిరప కోతలు మొదలైన రోజుల్లో, మా అమ్మ స్నానం చేసి చీర కట్టుకుంటుంటే నేను చూశాను. ఎడమ రొమ్ము మీద చర్మం లోపలికి లాక్కుపోయినట్టుంది. అడిగితే ముందు కసిరింది, తర్వాత నా చెయ్యి పట్టుకుని గడ్డ తాకించింది. ఆర్నెల్లుగా ఉందట. "కోతలయ్యాక చూద్దాంలే. ఎవరికీ చెప్పమాకు, మీ నాన్నకి అసలే చెప్పమాకు" అని ఒట్టు వేయించుకుంది. ఎవరికీ చెప్పలేదు. చిట్టితో అడిగాను. సాయంత్రం నాలుగున్నరకి చిలకలూరిపేట వైపు మా ఊరి బస్సు. అప్పటిదాకా కూర్చున్నా జవాబు రాలేదు. మర్నాటి నుంచి కాలేజీకి మూడు రోజులు సెలవు.

"వెళ్ళిరా తల్లీ, దీన్ని నడుస్తూ ఉంచుతాను" అన్నారు మేడం. నడుస్తూ ఉంచితే జవాబు ఆవిడ కళ్ళబడుతుందని అప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున పది గంటలకి అమ్మా నేనూ కల్లంలో కాయలు తిరగేస్తున్నాం. నాన్న చేలో కూలీల దగ్గర ఉన్నాడు. ఎర్రటి కాయల పక్కన గట్టు మీదుగా నల్ల బుర్ఖాలో ఒకావిడ తుమ్ముకుంటూ నడిచొస్తోంది. ముఖం చూడకముందే ఎవరో తెలిసిపోయింది. మేడం నా చేతికి ఒక కాగితం ఇచ్చారు, ఆవిడ దస్తూరీతో. నేను వెళ్ళిన గంటకి జవాబు వచ్చిందట. దాచే వీలు లేని స్క్రిప్టు, రాత్రికి చెరిగిపోయే ఉత్తరం. కాగితం మీదకి ఎక్కించాలంటే చదవాల్సిందే. చదివారు, ఎక్కించారు. ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా చూపించమని డాక్టరు రాశాడని అమ్మ ముందే చెప్పారు.

నేను ఆ కాగితాన్ని చూడలేదు. అమ్మ ముఖం చూశాను. ఒట్టు పెట్టించుకున్న మనిషి నా వైపు చూసిన చూపది. నా సిగ్గూ భయమూ కలిసి కోపమైపోయి మేడం మీదకి వెళ్ళింది.

"చదవనన్నారుగా! మీరే కదా చెప్పింది? మా అమ్మ సంగతి మీకెందుకు? ఎవరు చదవమన్నారు మిమ్మల్ని?"

"ఎవరూ అనలేదమ్మా. తప్పే. తప్పని తెలిసే చదివాను" అన్నారు మేడం. ఆ తర్వాత నన్ను వదిలేసి అమ్మతో మాట్లాడారు. "అమ్మా, మీరు రేపే గుంటూరు రండి. బస్టాండ్‌లో నేనుంటాను. ఈ కాయలు ఎవరైనా ఎండబెడతారు."

అమ్మ వంగి మళ్ళీ కాయలు తిరగేయసాగింది. మజ్జిగ తాగి వెళ్ళమని కూడా మేం అనలేదు. మేడం ఎండలో రోడ్డు దాకా నడిచి, బస్సు కోసం ఎంతసేపు నిలబడ్డారో నాకు తెలియదు.

మర్నాడు అమ్మ వెళ్ళింది. నాన్నకి పంటి నొప్పని చెప్పింది. మేడం అన్నట్టే బస్టాండ్‌లో ఉన్నారు. పెద్దాసుపత్రిలో చీటీ రాయించడం దగ్గర్నుంచి లేడీ డాక్టరు గది దాకా అమ్మ చెయ్యి వదల్లేదట. నెల తిరక్కుండా ఆపరేషన్ అయింది. ఎడమ రొమ్ము తీసేశారు. నాన్నకి తప్ప ఊళ్ళో అందరికీ గర్భసంచి ఆపరేషనని చెప్పుకున్నాం.

సెలవులయ్యాక మొదటి ల్యాబులో ఎవరో చిట్టి అని కొట్టారు. అలాంటిదేదీ లేదంది కంప్యూటర్. మేడం లేచి నిలబడి, "చిట్టిని తీసేశాను. ఒకరికి వచ్చిన ఉత్తరం నేను చదివాను. చదివాక ఇక దాన్ని నడిపే అర్హత నాకు లేదు" అన్నారు. ఎవరి ఉత్తరమో, ఎందుకు చదివారో చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు.

క్లాసు కుతకుతలాడిపోయింది. నావి కూడా చదివి ఉంటారే అని ఒకమ్మాయి ఏడ్చింది. ఎంత మంచిదనుకున్నామో అని ఇంకొకామె మూతి తిప్పింది. కారిడార్లో ఎదురైతే నమస్తే చెప్పే పిల్లలు తల తిప్పుకుని వెళ్ళడం మొదలుపెట్టారు. కొందరు ఆవిడ పీరియడ్‌కే రావడం మానేశారు. ఒక్క ముక్క చెబితే అంతా సర్దుకునేది. ఆ ఉత్తరం నాది, అది చదవకపోతే మా అమ్మ ఉండేది కాదు అనాలి, అంతే. అమ్మ ఒట్టు అడ్డమొచ్చిందని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ మాట అంటే అందరూ నా వైపు తిరుగుతారని భయం. డిగ్రీ అయ్యేదాకా నోరు మూసుకునే కూర్చున్నాను. ఆవిడ మాత్రం మామూలుగానే కీబోర్డులు తుడుచుకుంటూ ఉండేవారు.

చాలా ఏళ్ళకి మంగళగిరిలో ఒక చీరల కొట్టు ముందు కనిపించారు. నన్ను చూడగానే "అమ్మ బావుందా?" అన్నారు. బావుంది మేడం అన్నాను. "అన్నం తింటోందా, నిద్ర పడుతోందా?" అని రెండుసార్లు అడిగారు. మేడం, ఆ రోజు... అని మొదలుపెట్టాను. "ఏ రోజు?" అన్నారు నవ్వి. ఆ నవ్వు చూసి, ఇంకోసారి తీరిగ్గా చెబుదాంలే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఫోన్ వచ్చిన రోజు అమ్మకి మొత్తం చెప్పాను. చిట్టి సంగతీ, క్లాసులో పిల్లలన్న మాటలూ, నేను నోరెత్తకపోవడమూ. ఆపరేషన్ వరకే తెలిసిన మనిషి కూర్చుని అంతా వింది. "ఇన్నేళ్ళు నా దగ్గరెందుకు దాచావే?" అంది చివరికి. తర్వాత లేచి, "పద, వెళ్దాం" అంది.

మూడో రోజున మేడం వాళ్ళింటికి వెళ్ళాం. ముందుగదిలో చాప మీద పదిహేను మంది దాకా ఆడవాళ్ళున్నారు. వాళ్ళలో మా బ్యాచ్ వాళ్ళు ముగ్గురు. మూతి తిప్పిన ఆమె కూడా వచ్చింది. మేడం వాళ్ళ అక్క మమ్మల్ని చూసి, "మీరెవరో గుర్తుపట్టలేదండీ" అంది. మేడం మా గురించి ఇంట్లో కూడా చెప్పలేదని అప్పుడర్థమైంది. నేను మాటల కోసం వెతుక్కుంటున్నాను, ఎప్పటిలాగే.

అమ్మ నిలబడే చెప్పింది, కల్లంలో కూలీలకి వినపడేటంత గొంతుతో. "నాకు రొమ్ములో గడ్డ లేచిందండీ. సిగ్గుపడి దాచుకున్నాను. మీ చెల్లెలు నా కూతురికొచ్చిన ఉత్తరం చదివి, మా ఊరొచ్చి నన్ను లాక్కెళ్ళి కోయించింది. అది చదివినందుకు ఆమెని పిల్లలు నానా మాటలన్నారంట. చదవబట్టే నేనిట్టా నిలబడున్నాను."

అప్పట్లో మూతి తిప్పిన ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మేడం వాళ్ళ అక్క కూర్చున్నచోటే కాస్త జరిగి, చాప మీద తన పక్కన చోటు చేసింది. అమ్మ అక్కడ కూర్చుంది. ఇంటికి ఎవరొచ్చినా ఎడమవైపు పైట రెండు మడతలు వేసి కప్పుకునే మనిషి, ఆ రోజు పైట జారినా సర్దుకోలేదు. బల్లపరుపుగా ఉన్న ఆ చోట అరచెయ్యి ఆనించి, అందరి మధ్యా గట్టిగా ఏడ్చింది.