పది రూపాయల బిళ్ళ, ఖాళీ గుప్పిట

నాకు చేతులు ఊరికే ఉంచడం రాదు. మిరపచేలల్లో, పత్తిచేలల్లో ఏళ్ళకేళ్ళు పనిచేసిన చేతులివి. మోకాళ్ళు అరిగాయని నన్ను పని మానిపించారు గాని, ఆ సంగతి చేతులకెవరూ చెప్పలేదు. కూర్చుంటే కొంగు మడతలు పెడతాను, విప్పుతాను, మళ్ళీ పెడతాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదీ అందుకేనేమో. చర్చి వెనక గదిలో సాయంత్రాలు ఆడవాళ్ళకు చదువు చెబుతుంటే, చేతికో పని దొరికిందని పలక పట్టుకుని కూర్చున్నాను. ఇప్పటికీ వేలు పెట్టుకుని మెల్లగా చదువుతాను.

ఈ వేసవిలో చేతులతో పాటు మనసుకూ నిలకడ లేకుండా పోయింది. నందిగామలో ఉన్న నా కూతురికి రెండో కాన్పు. డాక్టరమ్మ మంచం దిగవద్దని గట్టిగా చెప్పింది. వంట అల్లుడే చేస్తున్నాడు, ఆ మాట నలుగురిలో చెప్పొద్దంటాడు. చిక్కల్లా ఐదేళ్ళ పెద్దపిల్లతో వచ్చింది. అది ఇంట్లో ఉన్నంతసేపూ తల్లిని పడుకోనివ్వదు. లేమ్మా అని చెయ్యి పట్టి లాగుతుంది, పొట్ట మీదికి ఎక్కబోతుంది.

"దీన్ని జగ్గయ్యపేట తీసుకెళ్ళమ్మా" అంది కూతురు. "నీ దగ్గరైతే బస్సెక్కి గంటలో వచ్చేస్తారు, వారంలో ఒకసారన్నా చూసుకుంటా. మైలవరం పంపితే రెండు బస్సులు మారాలి. ఇంక కాన్పయిందాకా నా కంటికి కనపడదు."

మైలవరంలో ఉండేది మా వియ్యపురాలు. మంచి మనిషి. పెద్ద వాకిలి, కోళ్ళు, ఇంటి నిండా పిల్లలు. ఫోన్లో నాతో అంది: "వదినగారూ, పిల్ల బెంగ పెట్టుకుంటే దాయకుండా చెప్పండి. ఇక్కడైతే ఆటల్లో పడి మర్చిపోద్ది." ఆవిడ అన్నది నిజమే. నిజం కాబట్టే నాకు దిగులు. నా ఇంట్లో ఏముంది, ఒక గది, ఒక వరండా, నేను.

నందిగామలో బస్సెక్కిన దగ్గర్నుంచీ పిల్ల ఏడుపే. ముందు సీటు వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు. కండక్టరు ఆడమనిషి, మా అమ్మాయి కంటే కాస్త పెద్దది. నా ఆధార్ కార్డు చూసి, డబ్బుల్లేని టికెట్టు కొట్టిచ్చి, పిల్ల వంక చూసింది. సంచిలోంచి ఒక రూపాయి బిళ్ళ తీసింది.

"ఆడోళ్ళకి టికెట్టు డబ్బుల్లేవు, మగోళ్ళు సగం మంది ఫోన్లో కొడతన్నారు. ఈ బిళ్ళకి నా దగ్గర పనే లేకుండా పోయింది. నువ్వేమన్నా ఇస్తావా దీనికి పని?" అంటూ బిళ్ళను ఎడం చేతిలో పెట్టి మూసి, ఊది, తెరిచింది. ఏమీ లేదు.

పిల్ల ఏడుపు ఆగిపోయింది. "ఏది?" అంది.

కండక్టరు నా చేతిసంచి మడతలోంచి బిళ్ళ తీసి చూపించింది. "మీ అమ్మమ్మ దాచేసింది చూడు."

చిల్లకల్లు దాకా పిల్ల ఆ మనిషి చేతుల వంకే చూస్తూ కూర్చుంది. అక్కడ జనం ఎక్కి, ఆమె టికెట్లు కొడుతూ వెనక్కి వెళ్ళగానే పిల్ల మళ్ళీ ఏడుపందుకుంది.

ఇంటికొచ్చాక చెప్పులు విప్పనంది. గడపలో కూర్చుని వీధి చూస్తుంది. లేచి కుళాయి దాకా వెళ్తుంది, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. "ఎప్పుడు పోదాం?" అన్న మాట తప్ప నాతో వేరే మాట లేదు. అమ్మమ్మా అని పిలిచింది కూడా లేదు. నాకూ కుదురు లేదు. అది గడప దగ్గరుంటే నేను పొయ్యి దగ్గర, అది కుళాయి దగ్గరుంటే నేను గడప దగ్గర. ఉన్న ఒక్క గదిలో ఒకరి చుట్టూ ఒకరం తిరిగేవాళ్ళం.

చిల్లకల్లు దాకా ఏడుపు ఆపిన ఆ విద్య నాకొస్తే బాగుండునని మనసులో పడింది. ఇలాంటి వీడియోలు ఫోన్లో ఉంటాయని పక్కింటి అక్క వెతికి పెట్టింది. చేతులు గబగబా ఏదో చేస్తున్నాయి, కింద అక్షరాలు వచ్చి పోతున్నాయి. నేను ఒక మాట కూడబలుక్కునేసరికి నాలుగు మాటలు వెళ్ళిపోయేవి. చదివితే చేతులు కనపడవు, చేతులు చూస్తే చదువు సాగదు. ఏదో అర్థమైనంత వరకు చేసి పిల్లకు చూపించాను. అది తల కూడా పూర్తిగా తిప్పలేదు.

"ఆ చేతిలో ఉంది" అంది.

బుధవారం తల్లిని చూపించడానికి తీసుకెళ్ళాను. వచ్చేటప్పుడు మంచం కోడు పట్టుకుని వదల్లేదు. అల్లుడు ఎత్తుకొచ్చి బస్సులో కూర్చోబెట్టాడు. నా అదృష్టం, ఆ కండక్టరే. జగ్గయ్యపేట బస్టాండులో దిగాక పిల్ల చేతికి పుల్ల ఐసిచ్చి, బల్ల మీద అటు తిప్పి కూర్చోబెట్టి, టీ తాగుతున్న ఆమె దగ్గరికి వెళ్ళాను.

"ఆ బిళ్ళ సంగతి నాకు చెబుతావా అమ్మాయ్?"

"చెబితే మా డ్రైవరుకి చెప్పకూడదు మరి. రోజూ పందెం కాసి నా చేతిలో ఓడిపోతాడు" అని నవ్వి, గ్లాసు కింద పెట్టింది. "చూడండి పిన్నిగారూ. బిళ్ళని కుడిచేతి వేళ్ళ కొసల్లో పట్టుకోండి. ఎడం అరచేతిలో పెడతన్నట్టు పెట్టి, ఎడం చెయ్యి మూసేయండి. బిళ్ళ మాత్రం కుడిచేతిలోనే, వేళ్ళ మొదట్లో ఉండిపోవాలి. కుడిచెయ్యి అట్టా కిందికి వదిలెయ్యండి, దాంతో పని లేనట్టు."

"అంతేనా?"

"అంతే. కుడిచేతి వంక మాత్రం చూడకూడదు. మీరెటు చూస్తే పిల్లా అటే చూస్తది."

చేసి చూపించాను. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "మీ ఎడం చెయ్యి ఎవర్నో గుద్దేటట్టు ఉంది పిన్నిగారూ. అందులో ఏం లేదని ఆ బస్సులో వాళ్ళక్కూడా తెలుస్తది."

"మరెట్టా మూయాలి?"

"లోపల ఏదన్నా ఉంటే ఎట్టా మూస్తారో అట్టా. అది నేను చెబితే వచ్చేది కాదు." డ్రైవరు హారన్ కొట్టాడు. టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయింది.

ఇక చూడండి నా తిప్పలు. రూపాయి బిళ్ళ జారిపోతుందని కొంచెం పెద్దదిగా ఉండే పది రూపాయల బిళ్ళ పట్టుకున్నాను. పొయ్యి మీద కూర మాడుతున్నా అదే పని, కుళాయి దగ్గర బిందె నిండి పొర్లుతున్నా అదే పని. బిళ్ళ కిందపడి దొర్లడం, నేను మోకాళ్ళు పట్టుకుని మంచం కింద వెతకడం. పక్కింటి అక్క గోడ మీంచి చూసి, "ఏంటే, సర్కసులో చేరతన్నావా?" అంది. పిల్లకు చేసి చూపించిన ప్రతిసారీ అది నా కుడిచెయ్యి చూపించేది. తర్వాత చూడటమే మానేసింది.

శుక్రవారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఏడ్చి ఏడ్చి, తిన్న నాలుగు మెతుకులూ కక్కేసింది. దాయకుండా చెప్పమన్న మనిషికి దాయకుండా చెప్పాను. "ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్తాం వదినగారూ, మీరేం కష్టపెట్టుకోకండి" అంది వియ్యపురాలు. ఆ మాటే కూతురికి ఫోన్లో చెప్పాను. "సరేలే అమ్మా" అంది. అరిచినా బాగుండేది.

శనివారం వంటకు బియ్యం తీస్తున్నాను. మా చర్చి ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. అన్నం వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ బియ్యం చర్చికి తీసుకెళ్తాం. మా అమ్మ వేసేది, నేనూ పెళ్ళయిన దగ్గర్నుంచీ వేస్తున్నాను. బియ్యం కొలతకు సరిపోని రోజుల్లో కూడా గుప్పెడు చిన్నదయిందేమో గాని మానింది లేదు. ఆ రోజు గుప్పెడు తీసి డబ్బా మీదికి తెచ్చి, వెయ్యకుండా ఆగిపోయాను. నా చెయ్యి నాకే కనపడింది.

బియ్యం ఉన్న గుప్పిట బిగుసుకోదు. నడుమ కాస్త ఉబ్బి ఉంటుంది. గింజ జారకుండా చిటికెన వేలు కింద గట్టిగా ఉంటుంది, బొటనవేలు పైన మూతలా వాలి ఉంటుంది. బియ్యం డబ్బాలో వేసేసి, ఖాళీ ఎడం చేతిని అలాగే మూశాను. మళ్ళీ బియ్యం తీశాను, వేశాను, ఖాళీగా మూశాను. కాసేపటికి రెండు గుప్పిళ్ళకూ తేడా పోయింది. పిల్లను పిలిచాను.

"నాకొద్దు" అంది గడపలోంచి.

అప్పటికే దాని బట్టలు సంచిలో సర్ది గోడవారగా పెట్టేశాను.

ఆదివారం చర్చిలో ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్నాం. పిల్ల నాకు ఎడం పక్కన, దాని అవతల పక్కింటి అక్క. పాటలు పాడుతున్నారు గాని నా మనసు సాయంత్రం మీద ఉంది. ఎన్నింటికి వస్తారో, ఆటోలో వస్తారో, పిల్ల వెనక్కి తిరిగి చూస్తుందో లేదో. కానుకల సంచి ఎడం వైపు నుంచి వస్తోంది. పిల్ల "నేనేస్తా" అందట. నాకు వినపడలేదు. సంచి మా ముందుకు వచ్చింది. కుడిచేతిలోని పది రూపాయల బిళ్ళను ఎడం చేతిలోకి మార్చుకుని, గుప్పిట సంచిలో పెట్టి, వదిలి, చెయ్యి తీశాను. సంచి పట్టుకున్న పెద్దాయన ముందుకు వెళ్ళిపోయాడు.

కుడిచేతిలో ఏదో చల్లగా తగిలింది. వేళ్ళు విప్పి చూస్తే బిళ్ళ అక్కడే ఉంది.

మార్చుకున్నాననుకున్నాను, చెయ్యి మాత్రం ఇన్ని రోజులు నేర్పినట్టే చేసింది. పిల్ల ఆ చేతిని చూసింది. సంచి వంక చూసింది. మళ్ళీ నా చెయ్యి చూసింది.

"అమ్మమ్మా" అంది, ఏమాత్రం గొంతు తగ్గించకుండా. "అందులో వేశావుగా. నేను చూశా."

పక్కింటి అక్క పాట ఆపేసింది. "దేవుడి దగ్గర కూడా మొదలెట్టావటే గారడీ?" అంది. వెనక వరస నవ్వింది. పిల్ల కూడా నవ్వింది. మా ఇంటికొచ్చాక దాని పళ్ళు చూడటం అదే మొదలు. సిగ్గుతో నేను తలెత్తలేకపోతుంటే, నా చేతిలోంచి బిళ్ళ లాక్కుని, చాపల మధ్యలోంచి పరుగెత్తి, పెద్దాయన చొక్కా పట్టుకుని ఆపింది. ఆయన సంచి దాని ఎత్తుకు దించాడు. వేసేసి, లోపలికి తొంగి చూసి మరీ వచ్చింది.

దారంతా ఒకటే గొడవ. "ఎట్టా చేశావు? నేను చూస్తానే ఉన్నా."

"నేను చెయ్యలేదే, అదే అయిపోయింది."

"అబద్ధం. మళ్ళీ చెయ్యి. కాదు, నాకు చెప్పు."

ఇంట్లో దాని ఎడం చేతిలో చిన్న గుప్పెడు బియ్యం పోసి మూయమన్నాను. "ఇప్పుడు నీ చెయ్యి చూసుకో. ఇట్టాగే ఉండాలి, బియ్యం లేకపోయినా." అది ఎన్నేళ్ళుగానో బియ్యం తీస్తున్నదానిలాగే పట్టింది. బిళ్ళ దగ్గరే చిక్కు, పది రూపాయలది దాని వేళ్ళకు ఆగదు. రూపాయి బిళ్ళ ఇచ్చాను. మధ్యాహ్నానికి గది నిండా బియ్యం గింజలు. అన్నం తినేటప్పుడు కూడా మధ్యలో లేచి చేసి చూసుకుంది. కక్కుకోలేదు.

సాయంత్రం వియ్యపురాలు మామిడికాయల సంచితో ఆటో దిగింది. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగే వరకు కూడా పిల్ల ఆగలేదు. మొదటిసారి బిళ్ళ ఠంగుమని కిందపడింది. రెండోసారి ఎడం చెయ్యి మూసి, దాని వంకే చూస్తూ, "నాయనమ్మా, ఎక్కడుంది?" అంది.

"ఆ చేతిలోనేగా."

తెరిచింది. ఖాళీ.

ఆవిడ కళ్ళు చాలా చురుకు. కూరగాయలవాడు తూకంలో చిన్న మోసం చేసినా కనిపెట్టేస్తుంది. నిజంగా చూడలేదో, చూసి ఊరుకుందో నాకిప్పటికీ తెలియదు. "నాకు కనపళ్ళేదే" అంది. తర్వాత గోడవారగా ఉన్న బట్టల సంచి వంక చూసి పిల్లనడిగింది. "ఇంతకీ వస్తావా మా ఇంటికి?"

"ఇప్పుడు రాను. బుధవారం అమ్మకి చూపించాలి."

"చూపించాక?"

"బస్సులో ఒకామెకి కూడా చూపించాలి" అంది పిల్ల.

వియ్యపురాలు నా వంక తిరిగింది. "కాయలు గడ్డిలో పెట్టండి వదినగారూ, రెండు రోజుల్లో పండుతాయి. సంచి విప్పేయండి, బట్టలు నలిగిపోతాయి" అని ఆటో ఎక్కింది.

ఆ రాత్రి పిల్ల ఏడవలేదని చెప్పను. ఏడ్చింది. తలుపు తీయమంది, వేయమంది. కాని చెప్పులు విప్పి ఏడ్చింది, నా చెయ్యి మీద తలపెట్టి ఏడ్చింది.

బుధవారం తల్లి మంచం పక్కన నిలబడి చేసి చూపించింది. నా కూతురు బిళ్ళ సంగతి చూడలేదు. పిల్ల మూసిన ఎడం చెయ్యి చూసి, "ఇది నీ చెయ్యే కదమ్మా, బియ్యం తీసే చెయ్యి" అంది నాతో. ఆ సందడిలో పిల్ల కుడిచేతిలోని బిళ్ళ జారి దుప్పటి మడతల్లో ఎక్కడో పడింది. కూతురు వెతకడానికి మోచెయ్యి ఆనించి లేవబోయింది.

"నువ్వు లేవకు" అంది పిల్ల. "నువ్వు పడుకునే ఉండు. నేను వెతుకుతా."

తల్లికి తగలకుండా, పొట్ట దగ్గర దుప్పటి మునివేళ్ళతో ఎత్తి చూస్తూ, మంచం చుట్టూ తిరిగి వెతికింది. కాళ్ళ దగ్గర దొరికింది. బస్సుకు టైమయిందని నేనంటే ముందు చెప్పులేసుకున్నది అదే.

ఎక్కిన బస్సులో ఆ కండక్టరు లేదు, ఎవరో మగాయన ఉన్నాడు. పిల్ల ముఖం చిన్నబోయింది. కిటికీ దగ్గర కూర్చుని ఎదురొచ్చే ప్రతి బస్సులోకీ మెడ సాచి చూస్తోంది. ఒళ్ళో ఎడం గుప్పిట మూసే ఉంది, విప్పమంటే విప్పదు. చిల్లకల్లులో బస్సు ఆగింది. "ఆమె ఇక్కడ ఎక్కుద్దా?" అని అడిగింది. ఏమో తెలీదన్నాను. నేనూ తలుపు వంకే చూస్తూ కూర్చున్నాను.