మా అమ్మను అరువడిగిన పక్కింటావిడ

మా అమ్మకు అంత గట్టిగా నవ్వడం వచ్చని నాకు పక్కింటి కొలంబియా ఆవిడ వల్లే తెలిసింది. నిజానికి ఆవిడకు కృతజ్ఞత చెప్పుకోవాలి. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

కెనడాలో, ఈ కాల్గరీలో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే గోడ పంచుకుంటాయి. నేను నర్సుని. పొద్దున ఏడింటికి డ్యూటీలో ఉంటే మళ్ళీ ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. అమ్మ భీమవరం దగ్గర ముప్పై ఏళ్ళు కుట్టు మిషను తొక్కి, ఒంటిచేత్తో నన్ను చదివించింది. అమ్మానాన్నలు ఏళ్ళ తరబడి ఉండటానికిచ్చే సూపర్ వీసా రాగానే, "ఇంక చాలమ్మా, కాలు మీద కాలేసుకుని కూర్చో" అని తీసుకొచ్చాను. నిజంగానే కూర్చుంది. బైబిలు చదవడం, ఇంత వండటం, కిటికీలోంచి మంచు చూడటం. సాయంత్రం వచ్చి "ఏం చేశావమ్మా ఇవాళ?" అంటే, "ఏవుందే చెయ్యడానికి" అనేది. ఇద్దరం ఒకే సోఫాలో ముంగుల్లా కూర్చునేవాళ్ళం.

జనవరిలో ఒకరోజు ఉన్నట్టుండి, "ఆగస్టుకి టిక్కెట్టు తీసెయ్యవే, వెళ్ళిపోతాను" అంది. బతిమాలాను, అలిగాను, ఏడ్చాను. వినలేదు. ఆఖరికి టిక్కెట్టు బుక్ చేశాను. ఆ రోజు నుంచీ అమ్మ వెళ్ళే రోజు నా గుండెల్లో గడియారంలా కొట్టుకుంటూనే ఉంది.

ఏప్రిల్లో పక్కింటావిడ మా గడపలో అడుగు పెట్టింది. కొలంబియాలో స్కూలు టీచరట. ఇక్కడ తెల్లవారుజామున డౌన్‌టౌన్ ఆఫీసులు క్లీన్ చేసి పదకొండింటికల్లా ఇంటికి వచ్చేస్తుంది. ఆ తర్వాతే ఆవిడ అసలు పని మొదలవుతుంది. కొత్తగా దిగిన కొలంబియా కుటుంబాలను క్లినిక్కులకు తీసుకెళ్ళడం, పిల్లల్ని బడిలో చేర్పించడం, చలికోట్లు పోగుచేసి పంచడం, శనివారాలు ఆడపిల్లలకు డాన్సు నేర్పడం. ఇంత చేసి కూడా మొహం మీద నవ్వు చెరగదు. అలాంటివాళ్ళంటే నాకు మొదటినుంచీ పడదు.

ఒకరోజు జ్వరంగా ఉండి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. తాళం తీస్తుంటే పక్కింట్లోంచి ఎవరో పగలబడి నవ్వడం వినిపించింది. అది మా అమ్మ నవ్వు. అమ్మకు ఇంగ్లీషులో వచ్చినవి మూడు మాటలు: యెస్, నో, థాంక్యూ. ఆవిడకు తెలుగులో ఒక్క ముక్క రాదు. అంతలా నవ్వుకోవడానికి వీళ్ళిద్దరికీ మాటలు ఎక్కడివి? ఆ జ్వరంతోనే తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

ఇక రోజూ అదే వరస. మా పండుమిరప పచ్చడి అటు వెళ్ళేది. వాళ్ళ మొక్కజొన్న రొట్టె ఇటు వచ్చేది. "మన దిబ్బరొట్టెకి చెల్లెల్లా ఉందే" అని అమ్మ ఇష్టంగా తినేది. నేను సెలవురోజు కష్టపడి వేసిన దిబ్బరొట్టె మాత్రం సగం వదిలేసింది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! ఆవిడ అమ్మను "మామీతా" అని పిలిచేది. చిట్టితల్లీ అన్నట్టు, ముద్దుమాటట. నాకు అమ్మ ఒక్కతే. ఆవిడ అలా పిలిచినప్పుడల్లా నా చేతిలో ఉన్న గిన్నె కాస్త గట్టిగానే చప్పుడయ్యేది.

జూలైలో ఒక సాయంత్రం ఆవిడ తలుపు కొట్టింది.

"శనివారం పార్కులో మా దేశ స్వాతంత్ర్య దినోత్సవం. మీ అమ్మని ఒక్కరోజు అరువిస్తావా?" అంది ఇంగ్లీషులో.

"ఆమెకి బీపీ. ఎండలో తిరగకూడదు" అన్నాను.

వెనకనుంచి అమ్మ, "నేను వెళ్తున్నానే. ఎప్పుడో మాటిచ్చేశాను" అంది.

తెలుగు అర్థం కాకపోయినా ఆవిడకు సంగతి అర్థమైంది. వెళ్తూ వెళ్తూ ఒక కథ చెప్పింది. రెండు వందల ఏళ్ళ కిందట వాళ్ళ రాజధానిలో ఎవరో విందు కోసం ఒక పూలకూజా అరువడిగారట. స్పెయిన్ వర్తకుడు ఇవ్వనన్నాడట. ఆ తగాదా మీదే ఊరంతా స్పెయిన్ పాలన మీద తిరగబడిందట. "కాబట్టి ఇవ్వను అనేముందు కాస్త ఆలోచించుకో" అని నవ్వింది. నేను నవ్వలేదు.

శనివారం నేనూ వెళ్ళాను. పండక్కి కాదు, అమ్మకు కాపలాకి. పార్కంతా వాళ్ళ జెండా రంగులే: పసుపు, నీలం, ఎరుపు. ఒక పెద్ద గుండిగలో కోడి పులుసు ఉడుకుతోంది. వేదిక మీదికి ఒక్కొక్కరినీ పిలిచి సత్కరిస్తున్నారు. చలికాలమంతా ముసలివాళ్ళ ఇళ్ళ ముందు మంచు ఎత్తిపోసిన ఒకాయన. కొత్తవాళ్ళకు ఓపిగ్గా డ్రైవింగ్ నేర్పిన మరొకాయన. ఆసుపత్రిలో రోగుల మాటలు డాక్టర్లకు ఇంగ్లీషులో చెప్పే ఒకావిడ. ఆవిడను మా వార్డులో నేను ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారి పలకరించిన పాపాన పోలేదు. ఇక్కడి మన సంఘంలో పంద్రాగస్టుకి అధ్యక్షుడు కార్యదర్శికీ, కార్యదర్శి అధ్యక్షుడికీ శాలువాలు కప్పుకోవడం గుర్తొచ్చింది. నా కడుపుమంట ఒక మనిషి మీదినుంచి ఒక దేశం మీదికి పాకింది.

అప్పుడు ఆడపిల్లలు డాన్సుకి వచ్చారు. వరసలు వరసలుగా కుచ్చులున్న పెద్ద పెద్ద లంగాలు. తిరుగుతుంటే మైదానమంతా విచ్చుకున్నట్టుంది. డాన్సు అయిపోయాక ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి వచ్చి నా ముందు గడ్డిలో కూలబడింది. లంగా అంచు తిరగబడింది. లోపల, అంచుకు నాలుగు వేళ్ళ పైన, చేత్తో కుట్టిన మడత.

ఆ మడత నాకు తెలుసు. నా చిన్నప్పటి ప్రతి లంగాకీ అది ఉండేది. "ఎదిగే పిల్లకి లోపల మడతుండాలే" అంటూ అమ్మ ఏటా క్రిస్మస్‌కి ఒకటి విప్పి పొడుగు చేసేది. లేచి మిగతా పిల్లల దగ్గరికి వెళ్ళి చూశాను. అందరి లంగాలకీ ఉంది. తలెత్తితే వేదిక పక్కన అమ్మ కనిపించింది. నోట్లో గుండుసూదులు, మెడలో టేపు, ఒక పిల్ల నడుము బిగిస్తూ. నన్ను పెంచిన మనిషి ఆవిడే. మా ఇంట్లో ఈ ఏడాదంతా ఆ మనిషి కనిపించలేదు.

అమ్మ పేరు కూడా పిలిచారు. పక్కింటావిడ చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించింది. మైకు ఇస్తే అమ్మ మన చర్చిలోలాగే, "అందరికీ వందనాలండీ" అంది. పార్కంతా ఒక్క గొంతుతో "వందనాలండీ" అంది. నేనూ చప్పట్లు కొట్టాను. చేతులు కొడుతూనే ఉన్నాయి, లోపల మండుతూనే ఉంది. ఇంతమందికి తెలిసిన మా అమ్మ నాకెందుకు తెలియలేదు?

ఇంటికి రాగానే అడిగేశాను.

"మిషనే కావాలనుకుంటే నేను కొననా? ఒక్క మాట నాకు చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెప్పానే. వచ్చిన మొదటి వారమే చెప్పాను. నీ యూనిఫాం ప్యాంట్లు పొడుగై, మడిచి పిన్నులు పెట్టుకుంటున్నావు. మిషనుంటే కుట్టిపెడతానన్నాను."

"నేనేమన్నాను?"

"ఇంకా నీకా ఖర్మేంటమ్మా, నలుగురూ చూస్తే ఏవనుకుంటారు, అన్నావు."

నిజమే, అన్నాను. ఎంతో ప్రేమగా అన్నాననుకున్నాను. ఆ మాట నా స్నేహితురాళ్ళకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

"పక్కింటమ్మాయి అలా అనలేదే. నేను తొడుక్కున్న జాకెట్టు కుట్టు చూసి, నువ్వా కుట్టింది అని సైగ చేసింది. మర్నాడే ఎక్కడినుంచో మిషను మోసుకొచ్చి వాళ్ళింట్లో నా ముందు పెట్టింది. అంతే. ఆ ఆగస్టు టిక్కెట్టు మార్పించు. క్రిస్మస్‌కి ఇంకో పద్నాలుగు లంగాలు ఒప్పుకున్నాను" అంది.

నేను ఏడ్చి బతిమాలితే ఆగని మనిషి పద్నాలుగు లంగాల కోసం ఆగిపోయింది. సంతోషం కలగలేదని కాదు. కలిగింది, అసూయ తర్వాత.

లోపలికి వెళ్ళి నా యూనిఫాం ప్యాంట్లు తెచ్చాను. పిన్నులు ఇంకా అలాగే ఉన్నాయి. అమ్మ ముందు పెట్టి, "ఇవి కుట్టి పెడతావా?" అన్నాను.

అమ్మ కళ్ళజోడు సర్దుకుని వాటిని తిప్పి చూసింది. "వాళ్ళవి అయ్యాకే. మాటిచ్చాను కదా."

బైబిలు మధ్యలోంచి ఒక కాగితం తీసింది. పద్నాలుగు మంది పిల్లల పేర్లు, పక్కనే కొలతలు, అన్నీ తెలుగులో. వాటన్నిటి కింద, పదిహేనో వరసలో, "మా అమ్మాయి, రెండు ప్యాంట్లు" అని రాసుకుంది.